పరాయి సర్వరు ఎందుకు? లైనక్సుపై సొంత వీడియో సమావేశ వేదిక

పావగడ తాలూకా కర్ణాటకకు చెందినదే అయినా దాని ఎల్లలలో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌తోనే. నిడుగల్లు కొండకోట నీడన నివసించేవారు జిల్లా కేంద్రమైన తుమకూరుకు మధుగిరి మీదుగా పోవాలంటే నడుమ కొంత దూరం పొరుగు రాష్ట్రపు నేలపై ప్రయాణించక తప్పదు. అంతర్జాలంలో వీడియో సమావేశమూ ఇటువంటిదే. ఊరిలోని ఉపాధ్యాయుడు, పక్క వీధిలోని విద్యార్థులు తెరపై మాట్లాడుకుంటున్నప్పుడు వారి మాట ఎక్కడో ఉన్న పరాయి సర్వరు దాకా పోయి తిరిగి వస్తుంది. ఆ సర్వరు ఎవరిది? అక్కడి షరతులు ఎవరివి?

2020 మార్చిలో బడులు మూతపడిన తరువాత ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం పెరిగింది. ఆ ఏప్రిల్‌లోనే జూమ్ సురక్షితమైన వేదిక కాదని కేంద్ర హోంశాఖ హెచ్చరించింది. జూమ్ ఉచిత ఖాతాలో సమావేశానికి 40 నిమిషాల గడువు. లెక్కల పాఠంలో సూత్రం చెప్పి ఉదాహరణకు వచ్చేసరికి తెర ఆరిపోతుంది. ఎంతో ఉదారమని పేరుపొందిన జిట్సీ ఉచిత వేదిక సైతం 2023 ఆగస్టు నుండి గది తెరిచేవారు గూగుల్, ఫేస్‌బుక్ లేదా గిట్‌హబ్ ఖాతాతో ప్రవేశించాలని నిబంధన విధించింది. ఉచితంగా ఇచ్చేవారికి షరతు మార్చే హక్కు ఉండనే ఉంటుంది.

అయితే జిట్సీకి మరొక ముఖం ఉన్నది. 2003లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎమిల్ ఇవోవ్ అనే విద్యార్థి ప్రారంభించిన ఈ కార్యక్రమం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దీనిని ఎవరైనా తమ లైనక్సు సర్వరులో స్థాపించుకొనవచ్చును. గడువు ఉండదు, ఖాతా అక్కరలేదు.

దీని పనితీరు మొదట తెలియాలి. జిట్సీలో ‘వీడియోబ్రిడ్జి’ అనే భాగం టపా కార్యాలయం వంటిది. ఒక్కొక్కరి నుండి వచ్చిన దృశ్యాన్ని విప్పి కలిపి కొత్తది తయారు చేయదు. వచ్చినదానిని మిగిలినవారికి పంచుతుంది, అంతే. అందువలన సర్వరుకు గొప్ప ప్రాసెసరు కన్నా వెడల్పైన అంతర్జాల మార్గం ముఖ్యం. మాట, దృశ్యం దారిలో రహస్య సంకేతాలుగానే ప్రయాణిస్తాయి గాని, మామూలు ఏర్పాటులో బ్రిడ్జి వద్ద ఆ ముడి ఒకసారి విప్పబడుతుంది. సర్వరు యజమాని ఎవరన్నది పట్టించుకొనవలసింది ఇందుకే.

లెక్క వేసి చూద్దాము. 25 మంది విద్యార్థులున్న తరగతిలో ఉపాధ్యాయుడి కెమెరా ఒక్కటే పనిచేస్తూ, సెకనుకు 500 కిలోబిట్ల దృశ్యం వస్తున్నదనుకుందాము. ఒక్కొక్క విద్యార్థికి గంటకు 225 ఎంబీ ఖర్చు. అందరి కెమెరాలూ తెరిచి, ఒక్కొక్కటి 200 కిలోబిట్ల చిన్న దృశ్యమే పంపినా, గంటకు రెండు జీబీ పైమాటే! రోజుకు ఒకటిన్నర జీబీ పథకం గల ఫోను పాఠం ముగియకముందే చేతులెత్తేస్తుంది. ధ్వని మాత్రమే అయితే 18 ఎంబీ చాలు. ఇంటికంతటికీ ఒక్క ఫోనున్న చోట ఈ తేడా చిన్నది కాదు. సొంత సర్వరులో కాన్ఫిగరేషను ఫైలు తెరిచి, విద్యార్థుల కెమెరాలు మొదట మూసి ఉండేటట్లు, దృశ్యం 360 గీతలకు మించకుండేటట్లు, ఒకేసారి కొన్ని ముఖాలే పంపబడేటట్లు నిర్ణయించవచ్చును. పరాయి వేదికలో ఈ పగ్గాలు మన చేతికి రావు.

ఇక ఏర్పాటు. డెబియన్ లేదా ఉబుంటు సర్వరు, నాలుగు కోర్లు, 8 జీబీ మెమరీ ఉంటే ఒక బడికి సరిపోతుంది. పాత డెస్క్‌టాపు కూడా పనికివచ్చును గాని చిక్కు వేరే చోట ఉన్నది. చాలా ఇంటి కనెక్షన్లలో అనేక ఇళ్ళకు కలిపి ఒకే బహిరంగ ఐపీ చిరునామా ఉంటుంది. బయటినుండి ఆ యంత్రాన్ని ఎవరూ చేరలేరు. కనుక స్థిరమైన ఐపీ కొనుక్కోవాలి, లేదా బెంగళూరులోనో ముంబైలోనో నెల అద్దెకు సర్వరు తీసుకోవాలి. కరెంటు కోతల బాధ దృష్ట్యా రెండవదే మేలు.

తరువాత ఒక డొమైను పేరు తీసుకొని దానిని సర్వరు ఐపీకి కలపాలి. ఇది స్థాపనకు ముందే కావాలి. ఎందుకనగా బ్రౌజర్లు భద్రతా పత్రం లేని చిరునామాకు కెమెరా, మైకు అప్పగించవు. ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ ఆ పత్రాన్ని ఉచితంగానే ఇస్తుంది, కాని పేరు సరిగా కలిస్తేనే. ఫైర్‌వాల్‌లో టీసీపీ 80, 443, యూడీపీ 10000 ద్వారాలు తెరవాలి. అటుపై జిట్సీ, ప్రోసొడి భాండాగారాలను జోడించి జిట్సీ మీట్ ప్యాకేజీని స్థాపిస్తే మిగిలిన భాగాలన్నీ తామే వస్తాయి. అరగంట పని.

అసలు పరీక్ష ఇక్కడే. ఇద్దరు మాట్లాడుకుంటే అంతా బాగుంటుంది. మూడవవారు రాగానే ముఖాలు మాయమై మాట ఆగిపోతుంది. కొత్తవారిని ఇంతగా కలవరపెట్టేది మరొకటి లేదు. కారణమేమిటంటే ఇద్దరే ఉన్నప్పుడు వీలైతే వారి యంత్రాలు నేరుగా కలుస్తాయి, బ్రిడ్జితో పని పడదు. మూడవవారితో బ్రిడ్జి రంగంలోకి వస్తుంది. యూడీపీ 10000 మూసి ఉన్నా, రౌటరు వెనుకనున్న సర్వరుకు తన బహిరంగ చిరునామా తెలియకపోయినా అక్కడ దారి తెగుతుంది. అందువలన పరీక్ష ఎప్పుడూ మూడు ఫోన్లతో, అందులోనూ వైఫై కాక మొబైలు డేటాతో చేయాలి.

గదికి తాళం మరువరాదు. స్థాపించిన స్థితిలో దారిన పోయేవారెవరైనా గది తెరవగలరు. ప్రోసొడిలో ప్రవేశ నిబంధన పెట్టి ఉపాధ్యాయులకు పేరు, రహస్యపదం ఇస్తే వారు తెరిచిన గదిలోకే పిల్లలు వస్తారు.

నల్లబల్ల, హాజరు, చిన్న పరీక్షలు కూడా కావాలనుకునే బడులకు కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన బిగ్‌బ్లూబటన్ అనువైనది. దానికి 16 జీబీ మెమరీ కావాలి గనుక అద్దె పెరుగుతుంది. సందేహాలు వస్తే హైదరాబాదులో స్వేచ్ఛ, బెంగళూరులో ఎఫ్‌ఎస్‌ఎంకె అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంస్థలు ఉన్నాయి. తెలుగులో ఒకరిని, కన్నడంలో ఒకరిని అడిగే సౌలభ్యం సరిహద్దువారిది.

సర్వరు రహస్యపదం మాత్రం ఒక్క ఉపాధ్యాయుడి వద్దనే ఉంచరాదు. డొమైను గడువు తేదీ, అద్దె చెల్లించే ఖాతా, రహస్యపదం ఒక కాగితంపై రాసి ప్రధానోపాధ్యాయుల బీరువాలో భద్రపరచాలి. బదిలీ ఉత్తర్వు ఎప్పుడు వచ్చేదీ ఎవరికి తెలుసు!