అఖీఖా ఒక్క పూట.. అమ్మపాలు రెండేండ్లు

అఖీఖా దావత్‌కు పోయినోళ్లు మనల చానామంది ఉంటరు. బిర్యానీ తిని, పసిబిడ్డ చేతిల నోటు పెట్టి, ఫొటో దిగి వస్తం. కానీ ఆ దావత్ ఎందుకు పెడ్తరు, పుట్టిన బిడ్డకు ఇస్లాం అసలు ఏం చెయ్యమన్నది అని అడిగితే చెప్పేటోళ్లు తక్కువ. దావత్ పెట్టేటోళ్లల్ల కూడ కొందరికి సరిగ్గ తెల్వదు. అందుకే అప్పు జేసి ఫంక్షన్ హాల్ మాట్లాడుతరు. తెలిస్తే ఆ అప్పుతోని పనే ఉండది.

చెవుల అజాన్, నోట్ల ఖర్జూరం

బిడ్డ పుట్టంగనే కుడి చెవుల అజాన్, ఎడమ చెవుల ఇఖామత్ చెప్పుడు ఆనవాయితీ. అజాన్ అంటే మసీదు నుంచి రోజూ ఇనే నమాజు పిలుపే. బిడ్డ చెవుల పడే మొదటి మాట దేవుని పేరు కావాలన్నది దీని భావం. తండ్రో, తాతో మెల్లగ చెప్తే చాలు. మౌల్వీ సాబే రావాలన్న రూలేం లేదు.

తర్వాత తహ్నీక్. అంటే మెత్తగ నమిలిన ఖర్జూరం కొంచెం బిడ్డ అంగిట్ల రాసుడు. మక్కా నుంచి మదీనాకు వలసొచ్చిన ముస్లింలకు అక్కడ పుట్టిన మొదటి బిడ్డ అబ్దుల్లా బిన్ జుబైర్. తల్లి అస్మా ఆ బిడ్డను తీసుకొచ్చి ఒళ్లె పెడితే, మహమ్మద్ ప్రవక్త ఖర్జూరం నమిలి నోట్ల పెట్టి దీవించిన్రు. ఆచారం అప్పటి సంది వస్తున్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఖర్జూరం బదులు తేనె నాకించేటోళ్లు ఉన్నరు. ఏడాది నిండని పిల్లలకు తేనె అస్సలు పెట్టొద్దని డాక్టర్లు చెప్తరు. అందుల ఉండే సూక్ష్మక్రిములతోని బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశమున్నది. పుట్టిన గంటలోపే ముర్రుపాలు తాగించాలె. తహ్నీక్ సున్నతే గని ఫర్జ్ కాదు. అంటే చేస్తే మంచిదే, చెయ్యకుంటే పాపం కాదు. డాక్టర్ వద్దంటే మానుకోవచ్చు.

ఏడో రోజు మూడు పనులు

ఏడో రోజు పేరు పెడ్తరు, తల వెంట్రుకలు తీస్తరు, అఖీఖా ఇస్తరు. మనదిక్కు పుట్టెంటికలు తీసినట్టే. అయితే తీసిన వెంట్రుకలను తూచి, అంత బరువు వెండి బీదలకు దానం చెయ్యాలె. ప్రవక్త మనుమడు హసన్ వెంట్రుకలు తూస్తే ఒక దిర్హమో, అంతకన్న తక్కువనో వచ్చిందని హదీసుల ఉన్నది. వెండి దిర్హం అంటే సుమారు 3 గ్రాములు. కూలి చేసుకునేటోళ్లు కూడ ఇయ్యగలిగిన దానమే ఇది.

ఇస్లాం రాకముందు అరబ్బులు జంతువును కోసి, ఆ రక్తం బిడ్డ తలకు పూసేటోళ్లు. ఇస్లాం వచ్చినంక రక్తం పోయి కుంకుమపువ్వు పూసుడు వచ్చింది. మాంసం ఇంటోళ్లు, చుట్టాలు, బీదలు పంచుకుంటరు. మొగపిల్లగానికి రెండు గొర్రెలు, ఆడపిల్లకు ఒకటి అనేది ఎక్కువమంది పాటించే పద్ధతి. హసన్‌కు, హుసేన్‌కు ప్రవక్త ఒక్కొక్క పొట్టేలే ఇచ్చిన్రని చెప్పే హదీసు కూడ ఉన్నది. ఏడో రోజు కుదరకుంటే 14వ రోజు, 21వ రోజు చెయ్యొచ్చు. మనదిక్కు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిల అఖీఖా తప్పనిసరి కానేకాదు. చేతనైనోళ్లకే. వడ్డీకి తెచ్చి చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పైగా వడ్డీనే ఇస్లాంల హరామ్.

పేరు మంచి అర్థం ఉన్నది పెట్టుడు బిడ్డకు ఉన్న హక్కు. ఆసియా అంటే అరబ్బీల మాట ఇననిది అని అర్థం. ఆ పేరున్న ఆమెకు ప్రవక్త జమీలా అని పేరు మార్చిన్రు. జమీలా అంటే అందమైనది.

ఆడపిల్ల అయితే మొఖం మాడ్చుకుంటరా?

ఆడపిల్ల పుట్టిందని ఇనంగనే మొఖం నల్లగ చేసుకుని జనానికి కనవడకుంట తిరిగేటోళ్లను ఖురాన్ 16వ సూరాల తప్పు పట్టింది. బతికుండంగనే పాతిపెట్టిన ఆడబిడ్డను ఏ పాపానికి చంపిన్రని తీర్పు రోజు అడుగుతరని 81వ సూరాల ఉన్నది. ప్రవక్త మనుమరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చదివిన్రు. ఇన్ని చెప్పినా మొగపిల్లగాడైతే హాలు, ఆడపిల్లయితే ఇంట్లనే కానిచ్చుడు ఇంకా నడుస్తనే ఉన్నది. ఇది మతం చెప్పింది కాదు, మన బుద్ధి. ఈ జబ్బు ఒక్క ముస్లింల ఇండ్లల్లనే లేదు, అన్ని ఇండ్లల్ల ఉన్నది.

అసలు బాధ్యత దావత్ తర్వాతనే

ఖురాన్ రెండో సూరా 233వ ఆయత్‌ల పాలిచ్చే తల్లి గురించి వివరంగ ఉన్నది. పూర్తిగ పాలియ్యాలనుకుంటే రెండేండ్లు. ఆమె తిండి, బట్ట ఖర్చు తండ్రి మీద. విడాకులైనా ఆ ఖర్చు తప్పదు. బిడ్డ పేరు చెప్పి తల్లిని గోస పెట్టొద్దు. ముందుగాల పాలు మాన్పించాలంటే ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకోవాలె. 1,400 ఏండ్ల కిందటి మాట ఇది.

రెండో ఖలీఫా ఉమర్ గురించి చరిత్రకారులు రాసిన ముచ్చట ఒకటున్నది. అప్పట్ల పాలు మానిన పిల్లలకే ఖజానా నుంచి భత్యం ఇచ్చేటోళ్లు. ఒక రాత్రి ఉమర్ గస్తీ తిరుగుతుంటే పసిబిడ్డ ఆగకుంట ఏడుస్తున్నది. అడిగితే, భత్యం కోసం తొందరగ పాలు మాన్పిస్తున్న అన్నది తల్లి. ఆయనెవరో ఆమెకు తెల్వదు. తన రూలు పిల్లల నోటికాడి పాలు గుంజుకుంటున్నదని ఉమర్‌కు అర్థమైంది. పుట్టిన ప్రతి బిడ్డకు పుట్టిన నాటి సందే భత్యం ఇయ్యాలని హుకుం జారీ చేసిన్రు.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి చూడున్రి. దావత్‌కు లక్ష దొరుకుతది. బాలింతకు గుడ్లు, పాలు, పండ్లు కొనుడు, టీకాలకు తీసుకపోనీకె ఒక పూట పని మానుకునుడు మాత్రం బరువైతది. అఖీఖా ఒక్క పూటల అయిపోతది. తల్లి కడుపు నిండుగ ఉంటేనే బిడ్డకు పాలు. ఈసారి దావత్‌కు పోతే బిడ్డ చేతిల నోటు పెట్టున్రి, తల్లి తిన్నదా అని కూడ అడగున్రి.