బిడ్డ గొంతు మూగబోతే: నరాలూ, అన్నమూ

తామ్వేలో ఉన్నవారికీ, ఇక్కడ అమ్మానాన్నలను వదిలి వేరే దేశాలకు వెళ్ళిన పిల్లలకూ పనికొచ్చే సంగతి ఇవాళ చెప్పుకుందాం.

మన ఇళ్ళలో చేతిమీద నీలంగా ఉబ్బి కనిపించేదాన్ని నరం అంటాం. అది రక్తనాళం. అసలు నరం పని కబుర్లు మోయడం. మెదడూ, వెన్నుపామూ కలిసి కేంద్ర కార్యాలయం లాంటివి. మెదడు నుంచి 12 జతల నరాలు, వెన్నుపాము నుంచి 31 జతలు బయలుదేరి ఒళ్ళంతా పాకుతాయి. కాలికి ముల్లు గుచ్చుకుందన్న కబురు కొన్ని లోపలికి తెస్తాయి. కాలు తియ్యమన్న ఆజ్ఞను కొన్ని బయటికి తీసుకెళతాయి. గుండె, పేగుల పనిని మనకు తెలియకుండానే నడిపించేవి ఇంకొన్ని.

ఈ పనికి చాలా శక్తి కావాలి. మెదడు మన బరువులో సుమారు 2 శాతమే అయినా, ఒళ్ళు ఊరికే ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో 20 శాతం దానికే పోతుంది. మనం తిన్న అన్నం నుంచి ఆ శక్తి రావాలంటే థయామిన్, అంటే బి1 విటమిన్ ఉండాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. బియ్యంలో అది ఎక్కువగా ఉండేది తవుడులోనే. బాగా పాలిష్ పట్టి, నాలుగుసార్లు కడిగి, గంజి వారిస్తే ఇక మిగిలేది కొంచెమే.

అది చాలకపోతే వచ్చే జబ్బే బెరిబెరి. ముందు దెబ్బ తినేవి పొడుగాటి నరాలు. అందుకే పాదాల్లో తిమ్మిరి, మంట, తర్వాత నడక తూలడం. ఇది మన పూర్వీకులకు కొత్త కాదు. ఉత్తర సర్కారుల బెరిబెరి గురించి మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో పుస్తకం అచ్చువేశాడు. పాలిష్ బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోవడం, తవుడు పెడితే కోలుకోవడం 1890లలో జావాలో ఐక్‌మాన్ గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మయన్మార్‌లో చంటిపిల్లల బెరిబెరి ఇప్పటికీ ఉంది. బాలింతకు పథ్యం పేరుతో తెల్లన్నం, ఉప్పు, కాస్త చారు మాత్రమే పెడితే ఆమె పాలలో థయామిన్ తగ్గిపోతుంది. చిక్కటి టీ, వక్క కూడా దాన్ని పాడుచేస్తాయి. తల్లి బాగానే కనిపిస్తుంది, బిడ్డ మాత్రం పాలు తాగదు, వాంతి చేసుకుంటుంది, ఎగశ్వాస పెడుతుంది. స్వరపేటికకు వెళ్ళే నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. నోరు తెరిచి ఏడుస్తున్నా శబ్దం రాదు. అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగకండి, దిష్టి తీస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. థయామిన్ ఇంజెక్షన్‌తో కొన్ని గంటల్లోనే తేరుకునే బిడ్డలున్నారు. ఆలస్యమైతే గుండె ఆగిపోవచ్చు.

బాలింతకు పప్పు, గుడ్డు, చేప, మాంసం పెట్టండి. ఉప్పుడు బియ్యం గానీ, తక్కువ పాలిష్ పట్టినవి గానీ వండండి. నీళ్ళు సరిపడా పోసి అత్తెసరు పెడితే గంజి వార్చే పనే ఉండదు. పెద్దవాళ్ళ పాదాల తిమ్మిరికి చక్కెర జబ్బు కూడా కారణం కావచ్చు కాబట్టి పరీక్ష చేయించండి.

దూరాన ఉన్న పిల్లలు ఫోన్ చేసినప్పుడు "భోంచేశావా అమ్మా?" అని అడుగుతారు కదా. ఈసారి "ఏం తిన్నావు?" అని కూడా అడగండి. సెలవు.