కాంక్రీటు స్లాబులతో భవనాల శీతలీకరణ

రాత్రివేళ చల్లదనంతో అంతస్తుల కాంక్రీటు స్లాబులను చల్లబరచి, మరుసటి పగలు గదులను చల్లగా ఉంచే నిర్మాణ పద్ధతిని స్లాబు శీతలీకరణ అనవచ్చు. ఇది ఏసీ యంత్రాల అవసరాన్ని తగ్గిస్తుంది. పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా ఎక్కువగా ఉండే ప్రాంతాలకు ఇది అనుకూలం.

పనిచేసే విధానం

ఒక ఘనపు మీటరు కాంక్రీటు బరువు సుమారు 2,400 కిలోలు. అంతే ఘనపరిమాణం గల గాలి బరువు సుమారు 1.2 కిలోలు. రెండింటి విశిష్టోష్ణాలు దాదాపు సమానం. కనుక ఒక డిగ్రీ వేడెక్కడానికి కాంక్రీటు, అదే పరిమాణం గల గాలి కంటే వెయ్యి రెట్లకు పైగా ఉష్ణాన్ని గ్రహిస్తుంది. మనుషులు, దీపాలు, కంప్యూటర్ల నుండి వెలువడే వేడిని స్లాబు పగలంతా పీల్చుకొని, తాను మాత్రం కొద్దిగానే వేడెక్కుతుంది. రాత్రి బయటి చల్లగాలిని పంపి ఆ వేడిని తొలగిస్తారు. స్లాబు అడుగుభాగాన్ని ఫాల్స్ సీలింగుతో కప్పివేస్తే ఈ ప్రయోజనం చాలావరకు తగ్గిపోతుంది.

ఈస్ట్‌గేట్ సెంటర్

జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో పూర్తయిన ఈస్ట్‌గేట్ సెంటర్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దీని వాస్తుశిల్పి మిక్ పియర్స్. హరారే సముద్ర మట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉండటం వలన అక్కడి రాత్రులు చల్లగా ఉంటాయి. రాత్రి ఫ్యాన్లు చల్లగాలిని అంతస్తుల కింది ఖాళీల గుండా నెట్టి కాంక్రీటును చల్లబరుస్తాయి. పగలు అదే మార్గంలో వచ్చే గాలి చల్లబడి గదుల్లోకి చేరుతుంది. వేడెక్కిన గాలి పైకి లేచి చిమ్నీల ద్వారా బయటకు పోతుంది.

హైదరాబాదులో

హైదరాబాదు సమీపంలోని పోచారం ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో ఒక భవనంలో సగభాగాన్ని స్లాబులో అమర్చిన గొట్టాలలో చల్లని నీటిని పారించి చల్లబరిచారు. మిగతా సగానికి మెరుగుపరచిన సాధారణ ఏసీ పెట్టారు. పోల్చి చూడగా స్లాబు భాగానికి శీతలీకరణ విద్యుత్తు సుమారు మూడో వంతు తక్కువ ఖర్చయింది. అయితే నీటిని యంత్రాలతో చల్లబరచినందువలన ఇది పూర్తిగా సహజ పద్ధతి కాదు.

పరిమితులు

రాత్రులు చల్లబడని చోట రాత్రిగాలి స్లాబులోని వేడిని తీసివేయలేదు. వేసవిలో కోస్తా జిల్లాల రాత్రులు ఉక్కగా ఉండటం వలన అక్కడ ఈ పద్ధతి ఒక్కటే చాలదు. గాలిలో తేమ ఎక్కువై, స్లాబు మరీ చల్లబడితే దానిపై నీటి బిందువులు ఏర్పడతాయి. ఎండ నేరుగా పడే పైకప్పు విషయంలో ఇదే గుణం ఎదురుతిరుగుతుంది. డాబా ఇళ్ళలో పగలు కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేవరకు గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. అందువలన స్లాబుకు ఎండ తగలకుండా నీడ కల్పించడం, రాత్రి గాలి ఆడేలా చూడటం ఈ పద్ధతికి తప్పనిసరి.