‘బేబీ ఆస్టిన్’ – ఒక చిన్న మోటారు చరిత్ర

చాదర్‌ఘాటు వంతెన దాటి మలక్‌పేట మీదుగా తూర్పునకు సాగు విజయవాడ బాటపై, దిల్‌సుఖ్‌నగరము చేరునప్పటికి వాహనముల వేగము కాలినడక వేగమునకు దిగును. అక్కడినుండి కొత్తపేట దాటి ఎల్.బి.నగరు కూడలి వరకు అదే తీరు. 2018 సెప్టెంబరు నుండి తలపై మెట్రోరైలు పరుగిడుచున్నను క్రింద చిన్న కార్ల బారులు తగ్గలేదు. వానిలో కూర్చున్నవారు జమీందారులు కారు, నవాబులు కారు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిల్లర వర్తకులు. భార్యాబిడ్డలతో స్వంత కారులో పోవు గృహస్థును చూచి ఎవరును ఆశ్చర్యపడరు. ఈ పేటకు పేరిచ్చిన దిల్‌సుఖ్ రాం పర్షాద్ గారి పొలములే ఇక్కడ పరచుకొని యున్న దినములలో అట్టి దృశ్యము కలలోని మాట. అయితే అదే కాలమున ఇంగ్లండులో ఆ కల నిజమగుచుండెను. దానికి కారణమైన బండి పేరు ‘ఆస్టిన్ సెవెన్’. ముద్దుపేరు ‘బేబీ ఆస్టిన్’.

మొదటి ప్రపంచ యుద్ధము ముగియగానే, బర్మింగ్‌హాము చెంత లాంగ్‌బ్రిడ్జిలోని ఆస్టిన్ కంపెనీ పెద్ద కార్లనే నమ్ముకొని దెబ్బ తినెను. 1921లో కంపెనీ వ్యవహారములు కోర్టు నియమించిన అధికారి చేతిలోనికి పోయెను. యజమాని సర్ హెర్బర్ట్ ఆస్టిన్ దృష్టి అప్పుడు వీథిలో పోవు మోటారు సైకిళ్లపై పడెను. ప్రక్కన తొట్టి తగిలించిన సైకిలుపై ఆలుబిడ్డలను ఎక్కించుకొని, వానలో తడియుచు పోవు సంసారికి అదే ఖర్చుతో నాలుగు చక్రముల బండి ఇచ్చినచో కొనడా? ఇది ఆయన ఆలోచన. కంపెనీ డైరెక్టర్లు తల లడ్డముగా ఊపిరి.

ఆ యేటినే అమలునకు వచ్చిన మోటారు పన్ను సంగతి ఇచట చెప్పవలెను. ఈ కారు ఆకారమును సగము నిర్ణయించినది ఆ పన్నే. సిలిండరు వ్యాసమును అంగుళములలో కొలిచి, దానిని వర్గము చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, రెండున్నరతో భాగింపవలెను. వచ్చిన ఫలము అశ్వశక్తి. ఒక్కొక్క అశ్వశక్తికి ఏటికి ఒక పౌను పన్ను. భిన్నమున్నచో పై అంకెకు సరి. అమెరికావారి ఫోర్డు ‘మోడల్ టి’ సిలిండరు వ్యాసము 3.75 అంగుళములు, సిలిండర్లు 4. లెక్కించిన 22.5 వచ్చును; పన్ను 23 పౌన్లు. ఆస్టిన్ మొదటి చిన్న కారు సిలిండరు వ్యాసము సుమారు 2.125 అంగుళములు, సిలిండర్లు 4. ఫలము 7.2, పన్ను 8 పౌన్లు. ‘సెవెన్’ అను పేరు ఈ లెక్కనుండియే పుట్టెను. ఈ సూత్రములో పిస్టను ఎంత దూరము నడచునో అడుగువాడు లేడు. అందుచే ఇంగ్లీషు మోటారు నిర్మాతలు ఏండ్ల తరబడి సన్నని, పొడుగాటి సిలిండర్లనే చేసిరి. ఒక పన్ను సూత్రము ఒక దేశపు యంత్రముల స్వరూపమును మార్చిన ఉదంతమిది; లెక్కల మాస్టరులకు పనికివచ్చును.

డైరెక్టర్లు కాదన్న పనిని ఆస్టిన్ ఇంటిలోనే మొదలుపెట్టెను. కర్మాగారములో నక్షాలు గీయు స్టాన్లీ ఎడ్జ్ అను కుర్రవానిని 1921లో తన భవనము లికీ గ్రేంజికి పిలిపించుకొని, బిలియర్డ్సు ఆడు గదిలో బల్ల వేయించెను. ఎడ్జ్ వయస్సు అప్పటికి పదునెనిమిది. ఆస్టిన్ రెండు సిలిండర్ల యంత్రము చాలుననుకొనెను. ఎడ్జ్ ఒప్పుకొనలేదు. బెల్జియము దేశపు ఎఫ్.ఎన్. మోటారు సైకిలులో నాలుగు సిలిండర్ల చిన్న యంత్రము చక్కగా నడచుచున్నదని చూపి, అట్టిదే కారునకును తగునని వాదించెను. వయసు మళ్లిన కోటీశ్వరుడు పదునెనిమిదేండ్ల వాని మాట వినెను. ఈ కథలో మెచ్చదగిన ఘట్టమిదే. నేడు దిల్‌సుఖ్‌నగరు సందులలో ఇంజనీరింగు ప్రవేశపరీక్షలకు తర్ఫీదు పొందు విద్యార్థులది సరిగా ఆ వయస్సే.

1922 జూలైలో కారు లోకమునకు ప్రకటింపబడెను. పొడవు తొమ్మిది అడుగుల లోపు. బరువు సుమారు 360 కిలోలు. అడుగు చట్రము ఇంగ్లీషు ‘ఏ’ అక్షరమువలె ముందు ఇరుకై వెనుక వెడల్పైనది. ఆ ఇరుకు భాగమున యంత్రమును కూర్చిరి. ఘనపరిమాణము మొదట 696 ఘన సెంటీమీటర్లు. పిదప 747కు పెంచిరి. నాలుగు చక్రములకును బ్రేకులున్నవని చెప్పుకొనిరి గాని, తొలి బండ్లలో కాలితో తొక్కిన వెనుకవి, చేతితో లాగిన ముందువి పట్టుకొనెడివి. అవి సరిగా పట్టుకొనునా అనుట వేరు ప్రశ్న. క్లచ్చి మాట చెప్పనక్కరలేదు. కాలు రవంత కదలిననే బండి దూకును, లేదా ఆగిపోవును. అయినను జనము దానిని కొనిరి, ప్రేమించిరి. 1939లో నిర్మాణము ఆగునాటికి సుమారు 2,90,000 బండ్లు తయారయ్యెను.

పోటీగా మారిస్ కంపెనీ 1931లో ‘మైనరు’ కారును నూరు పౌన్లకే అమ్మజూపెను. చౌక కారనగా ఎంత చౌక? పౌను ఒకటికి పదుమూడు రూపాయల అయిదణాల నాలుగు పైసలు. నూరు పౌన్లనగా 1,333 రూపాయలు పైన. ఓడ ఖర్చు, సుంకము, దుకాణదారుని లాభము ఇందు చేరలేదు. హైదరాబాదు సంస్థానములో ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. ఆ లెక్కన 1,555 హాలీ రూపాయలు. నెలకు ఇరువది కల్దారు రూపాయలు తెచ్చుకొను బడిపంతులు ఒక్క పూటయు భుజింపక కూడబెట్టినను అయిదున్నర ఏండ్లకు గాని ఆ మొత్తము చేరదు. ఇంగ్లండు సంసారి బండి మనకు వకీళ్ల బండి, డాక్టర్ల బండి. నిజాము కొరకు 1912లో సింహాసనము అమర్చి చేసిన రోల్స్ రాయిస్‌కును, ఎద్దుబండికిని నడుమ ఏమియు లేని రాజ్యమది. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను తెరచిరి. సామాన్యుడు మోటారు ఎక్కినది ఆ బస్సులోనే.

ఆస్టిన్ సెవెన్ వంశము మాత్రము దేశదేశముల ప్రాకెను. జర్మనీలో డిక్సీ కంపెనీ దీనిని అనుమతితో నిర్మించుచుండగా, 1928లో బి.ఎం.డబ్ల్యు. ఆ కంపెనీని కొని కార్ల వ్యాపారములో అడుగుపెట్టెను. ఫ్రాన్సులో రోజెన్‌గార్ దీనిని నిర్మించెను. 1927లో విలియం లయన్స్ దీనికి అందమైన పైకట్టు తొడిగెను. తరువాతి జాగ్వారు కార్ల కర్త ఆయనయే. అమెరికాలో దీనిని చేసిన కంపెనీకి వారసురాలగు ‘బాంటమ్’ 1940లో తొలి జీపు నమూనాను సైన్యమునకు అప్పగించెను. లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ 1948లో తన మొదటి కారును కట్టినది పాత ఆస్టిన్ సెవెన్ మీదనే. తల్లి బండి బలహీనమే గాని సంతానము గట్టిది.

కీర్తి మాట వేరు. సెవెన్‌లోని పెక్కు నూతన విషయములకు హక్కుపత్రములు ఆస్టిన్ పేరనే నమోదయ్యెను. అమ్మిన ప్రతి కారుపై రెండు గిన్నీల రాయల్టీ ఆయనకే ముట్టెను. 1936లో ఆయన ప్రభువయ్యెను, 1941లో గతించెను. ఎడ్జ్ పేరు బహుకాలము మోటారు చరిత్రకారులకు తప్ప పరులకు తెలియదు. ఆయన 1990 వరకు జీవించెను. అప్పటికి 796 ఘన సెంటీమీటర్ల యంత్రము గల మారుతి 800 భారతదేశపు వీథులలోనికి వచ్చి ఏడేండ్లయినది. విజయవాడ బాటపై పంతుళ్లు, గుమాస్తాలు తమ తొలి కారులను నేర్పుగా, భయముగా నడుపుకొనుచుండిరి.