కొవిడ్ వార్డులో దగ్గరితనం: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఊపిరి అందనివాళ్లకు కావాల్సింది ఆక్సిజన్, వెంటిలేటర్. పలకరింపులకు తీరికెక్కడిది?

వాస్తవం: వెల్లకిలా పడుకుంటే గుండె, పొట్ట బరువు ఊపిరితిత్తుల వెనక భాగాన్ని నొక్కేస్తాయి. బోర్లా తిరిగితే ఆ భాగం విచ్చుకుంటుంది. హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్న కొవిడ్ రోగులకు ఇలా చేస్తే వెంటిలేటర్ అవసరం తగ్గిందని ఆరు దేశాల్లో జరిగిన పరీక్ష 2021లో చూపింది. చెప్పినంత తేలిక కాదు మరి! ముక్కుకు గొట్టాలు, చేతికి సెలైన్, ఒళ్లంతా నొప్పులు. అలాంటి పెద్దాయన గంటల తరబడి బోర్లా ఉండాలంటే ఛాతీ కింద దిండు సర్ది, "ఇంకాసేపు ఓర్చుకోండి బాబాయ్" అని బతిమాలే మనిషి ఉండాలి. లేకపోతే కాసేపటికే వెల్లకిలా తిరిగిపోతారు.

కొందరికి ఆక్సిజన్ బాగా పడిపోయినా ఆయాసమే తెలియదు. ఫోన్ చూసుకుంటూ "బాగానే ఉన్నా" అంటారు. వేలు చల్లబడినా, గోరుకు రంగున్నా ఆక్సీమీటర్ అంకెను నమ్మలేం. మంచం పక్కన నిలబడి, నిమిషంపాటు ఛాతీ కదలికలు చూస్తూ శ్వాసలు లెక్కపెట్టాల్సిందే.

అపోహ: పీపీఈ కిట్టు వేసుకున్నాక రోగికి డాక్టరెవరో నర్సెవరో తెలిసే దారి లేదు.

వాస్తవం: ఉంది. 2015లో లైబీరియాలోని ఎబోలా చికిత్సా కేంద్రాల్లో అమెరికా కళాకారిణి మేరీ బెత్ హెఫర్నన్ సిబ్బంది నవ్వుమొహాల ఫొటోలను స్టిక్కర్లుగా చేయించి కిట్ల మీద అంటింపజేశారు. మన దగ్గర చాలామంది మార్కర్‌తో పేరు రాసుకున్నారు.

అపోహ: ఎన్ని మందులు వాడితే అంత శ్రద్ధగా చూసినట్టు.

వాస్తవం: ప్లాస్మా దాతల కోసం జనం ఎంత తిరిగారో గుర్తుండే ఉంటుంది. 39 ఆసుపత్రుల్లో 464 మందిపై ఐసీఎంఆర్ జరిపిన పరీక్షలో ప్లాస్మా చికిత్స మరణాలను తగ్గించలేదని 2020లోనే తేలింది. జాతీయ మార్గదర్శకాల నుంచి తీసేసరికి 2021 మే వచ్చింది. చవకైన డెక్సామెథసోన్ ఆక్సిజన్ మీదున్నవారిలో ఎందరినో బతికించింది, ఆక్సిజన్ అక్కర్లేనివారికి మాత్రం మేలు చేయలేదు. ఒక మందు ఎందుకు ఇవ్వడం లేదో ఇంటివాళ్లకు ఓపిగ్గా చెప్పడమూ డాక్టరు పనే.

అపోహ: కొవిడ్‌తో పోయినవారి మొహం చూపించడం నిషేధం.

వాస్తవం: సంచి జిప్పు తీసి కడసారి మొహం చూపించవచ్చని 2020 మార్చిలోనే కేంద్ర ఆరోగ్యశాఖ రాసింది. తాకకుండా మంత్రాలు చదవడానికీ, తీర్థం చల్లడానికీ ఒప్పుకుంది. చాలా కుటుంబాలకు ఈ సంగతి చెప్పినవాళ్లే లేరు. మళ్లీ అలాంటి రోజులొచ్చి ఎవరైనా కుదరదంటే, ఆ నిబంధన ఎక్కడ రాసి ఉందో చూపించమని అడగండి.