నాపరాళ్ళకు యంత్రపు పాలిష్

నాపరాళ్ళకు యంత్రపు పాలిష్ అనగా గనుల నుండి పలకలుగా తీసిన సున్నపురాతి బండల ఉపరితలాన్ని, తిరిగే యంత్రానికి అమర్చిన రాపిడి రాళ్ళతో నీరు పోస్తూ దశలవారీగా నునుపు చేసే ప్రక్రియ. రాతిలోకి ఇంకే సీలరును గాని, పైన పూసే మైనాన్ని గాని ఈ పని పూర్తయిన తరువాతనే వాడతారు. అనంతపురం జిల్లాలో పెన్నా నది ఒడ్డున ఉన్న తాడిపత్రి పట్టణం ఈ పరిశ్రమకు పేరుపొందిన కేంద్రం. ఇక్కడి సరుకును తాడిపత్రి బండలు, కడప బండలు అని పిలుస్తారు. ఇతర రాష్ట్రాలలో దీనినే కడప్పా రాయి అంటారు.

రాయి స్వభావం

నాపరాయి అవక్షేప శిల. ప్రాచీన సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపు బురద గట్టిపడి ఏర్పడినది. అందువలననే ఉలి, గడ్డపారలతో కూడా దీనిని పలకలుగా విడదీయవచ్చును. 1872లో భారత భూవైజ్ఞానిక సర్వే ప్రచురించిన గ్రంథంలో విలియం కింగ్ ఈ ప్రాంతపు కడప, కర్నూలు శిలాశ్రేణులను వివరించాడు. కర్నూలు శ్రేణిలోని ఒక ముఖ్యమైన సున్నపురాతి పొరకు కడప జిల్లాలోని నార్జి గ్రామం పేరు వచ్చింది. యర్రగుంట్ల, జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల పరిసరాలలో ఈ రాతి గనులు కలవు.

ఈ రాతిలో ప్రధాన ఖనిజం కాల్సైటు, అనగా కాల్షియం కార్బొనేటు. మోస్ కాఠిన్య మానంలో దీని స్థానం 3 మాత్రమే. ఇసుకలోని స్ఫటికం స్థానం 7. అనంతపురం పీఠభూమిలో ఎక్కువ భాగం గ్రానైటు జాతి రాళ్ళ నేల. ఆ ఎర్రమట్టిలో స్ఫటికపు రేణువులు మెండు. ఎండాకాలపు గాలికి ఇంట్లో చేరిన దుమ్మును ఊడ్వకుండా చెప్పులతో తిరిగితే ప్రతి అడుగూ గరుకు కాగితంతో రుద్దినట్లే పనిచేస్తుంది. గడప దగ్గర, నడిచే దారిలో బండలు ముందుగా మాసిపోవడానికి కారణం ఇదే.

మెరుపు ఎలా వస్తుంది

గీతలు, గుంటలు ఉన్న ఉపరితలంపై పడిన వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. ఆ చెదిరిన వెలుతురు వలన నల్లని రాయి కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. అదే బండపై నీళ్ళు చల్లితే వెంటనే నల్లబడుతుంది. నీరు ఆ గుంటలను నింపుతుంది. నీటి వక్రీభవన గుణకం గాలి కంటే రాతికి దగ్గరగా ఉండటం వలన చెదరడం తగ్గుతుంది. నూనె, మైనం చేసే పని కూడా ఇదే. వంటగట్టు నల్లగా ఉండాలని కొందరు కొబ్బరినూనె రాస్తారు. ఆ నలుపు నిలవదు. గరుకు అలాగే ఉంటుంది, పైగా జిడ్డుకు దుమ్ము అంటుకొంటుంది. కొత్త బండను ఎన్నుకొనేటప్పుడు తడిపి చూడటం మంచి అలవాటు: పాలిష్ తరువాత వచ్చే రంగు దాదాపు ఆ తడి రంగే.

పాలిష్ దశలు

రాపిడి రాళ్ళలో సాధారణంగా కార్బొరండం, అనగా సిలికాన్ కార్బైడు ఉంటుంది. మోస్ మానంలో దాని కాఠిన్యం 9కి పైనే. రాళ్ళకు నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. 60 లేదా 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220, 400, 800 నంబర్ల మీదుగా పైకి వెళతారు. మొదటి దశ ఎగుడుదిగుళ్ళను తీసివేస్తుంది. ఆ తరువాతి ప్రతి దశ పని ఒక్కటే, ముందు దశ మిగిల్చిన గీతలను చెరిపి తన సన్నని గీతలను మిగల్చడం. ఖర్చు తగ్గించుకొనేందుకు 120 నుండి నేరుగా 800కు దూకితే లోతైన గీతలు అలాగే ఉండిపోతాయి. పని జరిగిన మధ్యాహ్నం అవి కనపడవు, సాయంత్రపు ఏటవాలు వెలుతురులో బయటపడతాయి. పని ముగిసిందని డబ్బు ఇచ్చే ముందు కిటికీ దగ్గర వంగి చూడటం ఇంటివారికి లాభం.

కర్మాగారంలో పాలిష్ అయిన బండలను పరిచినా, అంచుల ఎత్తు తేడాలు పోవడానికి ఇంటిలో మళ్ళీ యంత్రం పెట్టడం కలదు. అందుకు సందులలోని సిమెంటు గట్టిపడేవరకు, కనీసం ఒక వారం ఆగాలి. నీరు వాడకుండా పొడిగా రుద్దితే రాయి వేడెక్కుతుంది, ధూళి లేస్తుంది. ఆ ధూళిలో సిలికా కూడా ఉండవచ్చును కనుక కార్మికుల ఊపిరితిత్తులకు అది ప్రమాదకరం.

పాలిష్ ప్రతిసారీ కొంత రాతిని తినివేస్తుంది. కార్ల రంగుపై ఉండే పారదర్శక పూత సాధారణంగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం కూడా ఉండదు కనుక అక్కడ ఈ లెక్క మరీ కఠినం. బండకు అంత భయం లేదు, కాని పదేపదే మొదటి నంబరు నుండి రుద్దితే కొన్ని బండలు పొర వద్ద పెచ్చులూడతాయి.

సీలరు, మైనం

సీలరు రాతి సూక్ష్మరంధ్రాలలోకి ఇంకి నీటిని, నూనెను లోపలికి పోనివ్వదు. సిలేను, సిలాక్సేను జాతి పదార్థాలు ఇందుకు వాడతారు. మైనం పైపొరగా మాత్రమే నిలుస్తుంది. రెండింటికీ ముందు రాపిడి బురదను పూర్తిగా కడిగి, రాయిని బాగా ఆరనివ్వాలి. తడి మీద వేస్తే సీలరు సరిగా ఇంకదు, తెల్లని మసక ఏర్పడవచ్చును. క్రమం తలకిందులైతే రెండు నష్టాలు: ముందు వేసిన సీలరును పాలిష్ యంత్రం చెక్కివేస్తుంది, గరుకు రాతిపై పూసిన మైనం గుంటలలో చేరి దుమ్మును పట్టుకొంటుంది.

సీలరు వేశాక ఇక రాతికి ఏమీ కాదన్న నమ్మకం సరికాదు. సీలరు మరకను ఆపుతుంది, ఆమ్లాన్ని ఆపలేదు.

ఆమ్లము, తెల్లమరకలు

నిమ్మరసం, చింతపండు పులుసు, పుల్లని మజ్జిగ పడిన చోట కాల్షియం కార్బొనేటు కరిగి మెరుపు పోతుంది. ఇది మరక కాదు, రాయి అరిగిన గుర్తు; ఎంత తుడిచినా పోదు. వర్షపు నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు కూడా సున్నపురాతిపై ఇదే పని అతి నెమ్మదిగా చేస్తుంది. తాడిపత్రికి సమీపంలోని బెలూం గుహలు, సుమారు 3,229 మీటర్ల పొడవున, కర్నూలు శ్రేణి సున్నపురాతిలో అలా ఏర్పడినవే.

అనంతపురం జిల్లా వర్షచ్ఛాయ ప్రాంతం. సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపులలోనే ఉంటుంది. ఇంటి అవసరాలకు బోరునీరే ఆధారమైన చోట్ల ఆ నీరు తరచుగా కఠినజలం. కుళాయి కింద, బిందె పెట్టే చోట అది ఆరినప్పుడు తెల్లని పొర మిగులుతుంది. ఈ పొరను వదిలించడానికి స్నానాలగదులకు వాడే యాసిడ్ పోస్తారు. బుస్సున నురుగు వస్తుంది, తెలుపు పోతుంది, ఆరిన తరువాత బండ ఇంకా పాలిపోయి కనిపిస్తుంది. ఆ తెల్లపొర ప్రధానంగా కాల్షియం కార్బొనేటే, కింది రాయీ అదే. ఒకదానిని కరిగించి రెండవదానిని విడిచిపెట్టే ఆమ్లం లేదు. పరచిన బండలపై సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీలు యాసిడ్ కడగడం కూడా ఇందుచేతనే తప్పు. పలుచని పొరను బ్లేడుతో మెల్లగా గీకవచ్చును. మందమైతే సన్నని నంబరు రాతితో నీరు పోస్తూ రుద్ది, తిరిగి పై నంబర్లకు వెళ్ళి, ఆరిన తరువాత సీలరు వేయాలి. మామూలు శుభ్రతకు క్షారగుణం ఎక్కువ లేని సబ్బునీరు, పొడిగుడ్డ చాలు. నీటిని ఆరనివ్వకుండా తుడిచివేస్తే పొర ఏర్పడదు.

నీరు, వ్యర్థం

పాలిష్‌కు నిరంతరం నీరు కావాలి. అందువలన కర్మాగారాలలో బురదనీటిని తొట్లలో నిలవబెట్టి, పొడి అడుగుకు దిగిన తరువాత పైనీటిని మళ్ళీ వాడే పద్ధతి కలదు. కరువు నేలలో ఇది ఐచ్ఛికం కాదని చెప్పాలి. అడుగున మిగిలే సన్నని రాతిపొడిని రోడ్ల పక్కన, వంకలలో పోస్తే ఎండిన తరువాత గాలికి లేస్తుంది, వానకు పేరుకొని నేలలోకి నీరు ఇంకకుండా చేస్తుంది. ఆ పొడి కూడా సున్నపురాయే కనుక ఇటుకల తయారీలోను, సిమెంటుకు ముడిసరుకుగాను వాడవచ్చును. తాడిపత్రి పరిసరాలలో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. అయితే రాపిడి రాళ్ళ అవశేషాలు, నూనెలు కలిసిన పొడిని నేరుగా వాడలేరు, ముందుగా పరీక్షించి వేరుచేయవలసి ఉంటుంది.