స్టేజీ లేని మీటింగ్‌కే పని ఎక్కువ

మన దగ్గర మీటింగ్ అంటే ముందు తయారయ్యేది ఏంటి? ఎజెండా కాదు, ఫ్లెక్సీ. దాని మీద ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలన్న పంచాయితీ తెగేసరికే సగం ఓపిక అయిపోతుంది. తర్వాత స్టేజీ, దాని మీద కుర్చీలు, ముఖ్య అతిథి కోసం గంటన్నర ఎదురుచూపు, శాలువాలు. అన్నీ అయ్యాక ఆఖర్న ‘‘ఎవరికైనా డౌట్లుంటే అడగండి’’ అంటారు. అప్పటికే వెనక నుంచి బగారా అన్నం వాసన వస్తుంటుంది. ఇంకెవరు అడుగుతారు?

మాది నర్సంపేట. రైతు సదస్సులు చిన్నప్పటి నుంచి చూస్తున్నా. అసలు ముచ్చట హాల్లో కాదు, బయట చాయ్ బండి దగ్గర జరుగుతుంది. 2021-22 సీజన్‌లో మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడింది గుర్తుందా? ఆగ్నేయాసియా నుంచి వచ్చిన రకం అది. పూతలో దూరి రసం పీల్చేస్తుంటే తెలంగాణ, ఆంధ్రా రెండు చోట్లా తోటలు దెబ్బతిన్నాయి. ఎవరు ఎన్నిసార్లు మందు కొట్టారు, ఎంత అప్పయింది, తోట దున్నేసి మక్క వేస్తే ఏమన్నా మిగులుతుందా... ఇవన్నీ నేను విన్నది చాయ్ బండి దగ్గరే. మైకులో ఒక్క ముక్క కూడా వినలేదు.

ఆ చాయ్ ముచ్చటనే మీటింగ్‌గా చేస్తే పోలా? సరిగ్గా ఇదే ఆలోచన అమెరికాలో హారిసన్ ఓవెన్ అనే ఆయనకు వచ్చింది. 1983లో ఆయన ఏడాదంతా కష్టపడి 250 మందితో ఒక సదస్సు పెట్టాడు. అయిపోయాక అందరూ చెప్పింది ఒకటే: కాఫీ బ్రేకులు బాగున్నాయని! అందుకే 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన సమావేశంలో స్పీకర్లనే తీసేశాడు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. మాట్లాడాల్సిన విషయం ఉన్నవాళ్లు లేచి, కాగితం మీద రాసి, గోడకు అంటించాలి. ఇష్టమైనవాళ్లు ఆ గుంపులో చేరతారు. దీనికే ఓపెన్ స్పేస్ అని పేరు. ఇందులో ఒకటే చట్టం, రెండు కాళ్ల చట్టం: ఇక్కడ నేర్చుకునేది లేదు, ఇచ్చేది లేదు అనిపిస్తే లేచి ఇంకో గుంపులోకి నడిచిపోవడమే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు దీని తమ్ముడు బార్‌క్యాంప్ బాగా తెలుసు. 2005 ఆగస్టులో పాలో ఆల్టోలో మొదలైంది. వారం లోపే ప్లాన్ చేస్తే దాదాపు 200 మంది వచ్చారు. తర్వాత హైదరాబాద్‌లో కూడా జరిగాయి. పొద్దున గోడ మీద ఖాళీ గళ్లు ఉంటాయి, వచ్చినవాళ్లే నింపుకుంటారు.

ఇదంతా మా పెద్దమ్మకు చెబితే తేలిగ్గా తీసిపారేసింది. ‘‘గిదేం కొత్త బిడ్డా? మా సంఘం మీటింగ్ గిట్లనే కదా!’’ అన్నది. నిజమే. పది పదిహేను మంది గుండ్రంగా కూర్చోవడం, పొదుపు, అప్పు, పుస్తకం రాసుకోవడం, ఎవరికి ముందు అప్పు ఇవ్వాలో వాళ్లే తేల్చుకోవడం... మహిళా సంఘాలు ఈ పని ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచింది కూడా రాత్రిపూట చదువుల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాకే. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్కడ స్టేజీ ఎవరు కట్టారు?

సరే, అసలు విషయానికొస్తా. ఈ మే నెలాఖరులో నర్సంపేటలో మేం ఎనిమిది మంది దోస్తులం కలిసి ఇట్లాంటి మీటింగ్ ఒకటి పెడుతున్నాం. మిర్చి వేసే ఇళ్లవాళ్లు, ఆ ఇళ్ల నుంచి హైదరాబాద్ వెళ్లి పనిచేస్తున్న పిల్లలు, అంతా కలిపి 60 మంది. స్పీకర్లు లేరు, ఎజెండా లేదు. ‘‘అంటే మీకు పని లేనట్టే కదా’’ అన్నారు చాలామంది. రెండు నెలలుగా మేం చేస్తున్న పని చూస్తే అట్లా అనరు.

ముందు తేదీ. ఏరుడు అయిపోవాలి, కాయ ఎనుమాముల మార్కెట్‌కు పోవాలి. అట్లని వానాకాలం విత్తనాలు, మందుల అప్పులు మాట్లాడుకోకముందే జరగాలి, లేకపోతే మాట్లాడుకుని లాభమేంటి? అందుకే మే. మేలో ఎండ సంగతి తెలిసిందే, కాబట్టి పొద్దున 7 నుంచి 11 దాకా. కానీ ఆ టైంలో ఆడవాళ్లు ఉపాధి హామీ పనికి పోతారని పెద్దమ్మ చెప్పింది. అందుకే ఆదివారం, అది కూడా పెళ్లి ముహూర్తాలు లేని ఆదివారం. మే నెలలో అట్లాంటిది వెతకడం ఎంత కష్టమో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

తర్వాత చోటు. పాఖాల చెరువు దగ్గర పెడదామని ఇద్దరు పట్టుబట్టారు. కాకతీయుల చెరువు, అడవి, రీల్స్‌కు మస్తుంటుంది. రీల్స్‌కు మాత్రమే! సెలవుల్లో ఖాళీగా ఉండే ఒక స్కూల్ తీసుకున్నాం. నాలుగు గదులు, ఒక్కోదాంట్లో 45 నిమిషాల చొప్పున మూడు సార్లు, మొత్తం పన్నెండు గళ్లు. గోడ మీద పెద్ద చార్టు, మార్కర్లు. రాయడం రానివాళ్లు చెబితే రాసిపెట్టడానికి ఇద్దరు డిగ్రీ పిల్లలు. మైకు లేదు. మైకు చేతిలోకి వస్తే మనవాళ్లు ‘‘సభకు నమస్కారం’’ దగ్గర మొదలుపెడతారు, మళ్లీ పాత కథే.

ఆహ్వానం మీద ఒకటే ప్రశ్న రాశాం: ‘వచ్చే పంటకు ముందు మనం ఒకరినొకరం ఏం అడగాలి?’ ఇది తేలడానికి వాట్సాప్‌లో నాలుగు రోజులు కొట్లాడుకున్నాం. ‘మిర్చి సాగులో సమస్యలు, పరిష్కారాలు’ అన్నది మొదటి వెర్షన్. అది చూడగానే జనం ఆఫీసర్ల కోసం వెతుకుతారని తీసేశాం.

అన్నిటికన్నా ఎక్కువ టైం తీసుకున్నది వేరే ఉంది. ‘ఎవరు వస్తే వాళ్లే సరైనవాళ్లు’ అని ఓవెన్ ఒక సూత్రం చెప్పాడు. వినడానికి బాగుంది. కానీ మన ఊళ్లలో ఇది నడవదని నా గట్టి అభిప్రాయం. గదిలో మందుల షాపు ఓనర్ కూర్చుంటే, ఆయన దగ్గర అప్పు మీద మందు తెచ్చుకున్న రైతు వడ్డీ గురించి నోరు విప్పుతాడా? భూమి పట్టాదారు పక్కన కూర్చుంటే కౌలు రైతు కౌలు రేటు ఎక్కువైందని చెప్తాడా? మరుసటి ఏడాది ఆ భూమి దక్కకపోతే ఇంట్లో ఏం తినాలి? గుండ్రంగా కుర్చీలు వేసినంత మాత్రాన అందరూ సమానం అయిపోరు.

అందుకని మేం ఒక కాగితం మీద ఎవరికి ఎవరంటే భయం అని గీసుకున్నాం. ఆఫీసులో సిస్టమ్ డిజైన్‌కు బాణాలు గీస్తాం చూడండి, అట్లాగే. బాణాలన్నీ మూడు నాలుగు చోట్లకే పోతున్నాయి: అప్పు, భూమి, కూలి, మొగుడు. షాపుల వాళ్లను రావద్దనలేం, వాళ్లవీ నిజమైన కష్టాలే, రైతు కట్టకపోతే వాళ్లూ మునుగుతారు. వాళ్లకు వేరే రోజు చాయ్‌కి పిలిచి, విడిగా మాట్లాడుతున్నాం. ఒక పురుగుమందుల కంపెనీ భోజనాల ఖర్చు పెట్టుకుంటామంది, వద్దన్నాం. కుర్చీల కిరాయి, చాయ్, ఉప్మా, అన్నీ మా ఎనిమిది మంది జేబుల్లోంచే.

కౌలు రైతుల కోసం ఒక గది, ఆడవాళ్ల కోసం ఒక గది మొదటి 45 నిమిషాలు విడిగా ఉంచాం. ‘ఇది ఓపెన్ స్పేస్ రూల్‌కు విరుద్ధం’ అని మాలో ఒకడు గొడవ పెట్టుకున్నాడు. రూలు మనుషుల కోసమా, మనుషులు రూలు కోసమా అని వాడి నోరు మూయించాం. వీడియో బంద్. నోట్స్‌లో పేర్లు ఉండవు, మాట మాత్రమే ఉంటుంది. సాయంత్రానికి ఒక పేజీ చేసి వాట్సాప్‌లో పెడతాం. చదవలేనివాళ్లకు ఆడియో.

రెండు కాళ్ల చట్టంతో ఇంకో చిక్కు. పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం మన దగ్గర అమర్యాద. అమెరికాలో నడిచింది మా కాక ముందు నడుస్తదా? అందుకే స్కూల్ గంట వాడుతున్నాం. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి మోగుతుంది, చాయ్ వస్తుంది. గ్లాసు పట్టుకుని లేచి పక్క గదిలోకి పోతే ఎవరూ ఏమీ అనుకోరు.

పిలవకుండానే లీడర్ వస్తే? తప్పకుండా వస్తాడు. నమస్తే పెట్టి, గుండ్రంలో ఒక కుర్చీ చూపిస్తాం. అన్ని కుర్చీలూ ఒకే ప్లాస్టిక్‌వి. ఎత్తు కుర్చీ, టవల్ వేసిన కుర్చీ స్కూల్లో ఎక్కడ ఉన్నా ముందురోజే స్టాఫ్ రూంలో పెట్టి తాళం వేయాలని లిస్టులో రాసుకున్నాం.

మిగిలిన భయం ఒక్కటే. చార్టు ముందుకు ఎవరూ లేవకపోతే? ముందే కొన్ని టాపిక్‌లు మనవాళ్లతో చెప్పించి పెడదామని సగం మంది, అట్లా చేస్తే అది కూడా ఫిక్సింగే అని సగం మంది. నేను రెండో వైపు. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే మేం కూడా మాట్లాడొద్దని ఒప్పందం చేసుకున్నాం. ఇంజినీర్లకు ఐదు నిమిషాలు నోరు మూసుకోవడం ఎంత పనో ట్రయల్‌లో తెలిసింది.

పెద్దమ్మ మాత్రం అప్పటిదాకా ఆగేట్టు లేదు. తన గడి ఇప్పుడే బుక్ చేసుకుంది. ‘‘పంట ఖర్చు పుస్తకంల మందు రాస్తరు, ఎరువు రాస్తరు, ట్రాక్టర్ రాస్తరు. ఇంట్ల ఆడోళ్లు ఏరిన కూలి ఎందుకు రాయరు? గది అడుగుత. రాసిపెట్టుకో బిడ్డా’’ అన్నది.

రాసిపెట్టుకున్నా.